పుస్తకం ఉంది, వెతికితే దొరకదు: హోమోసారస్‌తో ఎనిమిది నెలలు

ఫోన్ గురించో ఫ్యాన్ గురించో సమీక్ష రాస్తారు గానీ మాటల జాబితాకి కూడా సమీక్షేమిటని మా ఇంట్లోనే నవ్వారు. నవ్వనివ్వండి. ఇరవై రెండేళ్లుగా నా జీతం మాటల జాబితాల మీదే వస్తోంది. లైబ్రరీకి పుస్తకం రాగానే రాసిందెవరు, దేని గురించి, ఏ అరలో పెట్టాలి అని కంప్యూటర్‌లో రికార్డు కట్టేది నేను. కేటలాగర్ అంటారు. కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు పాఠకులకు గుర్తుంటారు. నేను గుర్తుండను, నా తప్పులు మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

నేను చెప్పబోయే సరుకు పేరు హోమోసారస్. వినగానే డైనోసార్ అనిపిస్తుంది, నిజానికి థెసారస్ (అర్థాల చుట్టరికాన్ని బట్టి సర్దిన మాటల జాబితా) అన్న మాటతో ఆడుకుని పెట్టిన పేరు. గే, లెస్బియన్, బైసెక్షువల్, ట్రాన్స్, ఇంటర్‌సెక్స్ (పుట్టుకతోనే శరీరం ఆడ, మగ అన్న మామూలు గీతల్లో ఇమడనివాళ్లు), క్వీర్ (ఈ అందరినీ కలిపి అనే మాట) జీవితాల గురించిన పుస్తకాలకి, ఉత్తరాలకి, కరపత్రాలకి, ఫొటోలకి విషయ శీర్షికలు, అంటే దేని గురించో చెప్పే మాటలు, పెట్టడానికి తయారుచేసిన పదకోశం. ఉచితం. వెబ్‌సైట్ తెరిస్తే చాలు, ఖాతా కూడా అక్కర్లేదు.

దాని దగ్గరికి నేను ఆదర్శంతో వెళ్లలేదు, సిగ్గుతో వెళ్లాను.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక నివేదిక ఉంది. పాఠకులు వెతికి, ఫలితం సున్నా వచ్చిన మాటల చిట్టా. ఎవరు వెతికారో ఉండదు, ఏం కొట్టారో, ఎన్నింటికి కొట్టారో అంతే. నెలకోసారి తిరగేస్తాను. మామూలుగా అన్నీ అక్షర దోషాలే, నవ్వుకుని సరిచేసుకునేవే. ఆ నెల చిట్టాలో ఒక సాయంత్రం, మూసే వేళకు కాస్త ముందు, నిమిషం రెండు నిమిషాల తేడాతో వరసగా ఐదు మాటలున్నాయి. గే. గే కథలు. ట్రాన్స్. అబ్బాయి అబ్బాయి ప్రేమ. నేను నార్మలేనా.

చివరిదాన్ని మళ్లీ చదివి, కుర్చీలోంచి లేచి అరల మధ్యకి వెళ్లాను. నాకు తెలిసి ఆ విషయం మీద మా దగ్గర పుస్తకాలున్నాయి, కొన్ని నేనే ఎక్కించాను. మధ్యాహ్నమంతా తిరిగి లెక్కపెడితే 41 తేలాయి. నలభై ఒక్క పుస్తకాలున్న చోట ఆ మనిషికి ఐదుసార్లూ సున్నా చూపించాం.

ఎందుకు దొరకలేదో చూస్తే ఇంకా మంట. తొమ్మిది పుస్తకాలు 616.85లో ఉన్నాయి, అంటే నరాల జబ్బులు, మానసిక రుగ్మతల పక్కన. అందులో ఒకటి ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ కథల సంపుటి, అక్కడికెలా పోయిందో దేవుడికే తెలియాలి. ఇంకొన్నిటికి విషయ శీర్షిక ‘లైంగిక వైపరీత్యం’ అని ఉంది. కాస్త మర్యాదగా ఉన్నవాటికి ‘లైంగిక అల్పసంఖ్యాకులు’. ఈ ఆఖరిది అమెరికాకు జాతీయ గ్రంథాలయంలాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల శీర్షిక ‘సెక్షువల్ మైనారిటీస్’కి తెలుగు. తప్పు మాటేం కాదు. కానీ రాత్రి ఏడింటికి గుండె దడదడలాడుతూ వెతికే మనిషి ‘లైంగిక అల్పసంఖ్యాకులు’ అని కొడతాడా?

ఈ మాటలు మేం పుట్టించినవి కావు, అరువు తెచ్చుకున్నవి. ఏ లైబ్రరీ అయినా ప్రతి పుస్తకానికీ రికార్డు సొంతంగా రాయదు, ఎక్కడో ఒకచోట ఉన్నదాన్ని దింపుకుని వాడుకుంటుంది. పని తగ్గుతుంది. దాంతోపాటు ఎవరో ఎప్పుడో రాసిన తీర్పు కూడా దిగుమతి అవుతుంది. పుస్తకాలకి అంకెలిచ్చి అరల్లో సర్దే డ్యూయీ వర్గీకరణలో స్వలింగ ప్రేమకు మొదటిసారి చోటు దొరికింది 1932 నాటి 13వ ముద్రణలో. దొరికిన చోటు మానసిక వైకల్యాల సరసన. ఇప్పుడు మనం వాడే 306.76, అంటే సమాజం, కుటుంబం, మనుషుల సంబంధాల మధ్యన ఉన్న సంఖ్య, 1989 నాటి 20వ ముద్రణతో స్థిరపడింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1946లో ‘హోమోసెక్షువాలిటీ’ అనే శీర్షిక పెట్టి, పక్కనే లైంగిక వికృతి అన్న శీర్షికను ‘ఇది కూడా చూడు’ అని తగిలించింది. ఆ తోక 1972 దాకా తెగలేదు.

బార్బరా గిట్టింగ్స్ అని అమెరికాలో ఒక లెస్బియన్ ఉద్యమకారిణి ఉండేవారు. 1932లోనే పుట్టారు, డ్యూయీలో ఆ మాట చేరిన ఏడే. కాలేజీ మొదటి సంవత్సరంలో తనేమిటో తెలుసుకుందామని తరగతులు ఎగ్గొట్టి లైబ్రరీల చుట్టూ తిరిగారు. కనిపించినవన్నీ అసాధారణ మనస్తత్వం, వికృతి అన్న శీర్షికల కిందే. పరీక్షలు పోయాయి, చదువు మానేశారు. తర్వాత, తాను లైబ్రేరియన్ కాకపోయినా, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో 1970లో ఏర్పడిన గే కార్యాచరణ బృందానికి ఏళ్ల తరబడి సారథ్యం వహించారు. వృత్తి సంఘాల్లో అలాంటి బృందం అదే మొదటిది. ఈ సంగతి చదువుకునే రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. నా చిట్టాలోని ‘నేను నార్మలేనా’ చదివాకే తెలుసుకున్నాను, ఈ ప్రశ్నకి లైబ్రరీ అనుభవం బాగానే ఉందని.

సరే, సరుకు సంగతికి వద్దాం.

హోమోసారస్ ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1997లో నెదర్లాండ్స్‌లోని గే, లెస్బియన్ దస్తావేజు కేంద్రాలవాళ్లు తమ సేకరణల కోసం డచ్, ఇంగ్లిష్ భాషల్లో ఒక పదకోశం కట్టుకున్నారు. అప్పట్లో దాని పరిధి గే, లెస్బియన్ వరకే. 2013లో దాన్ని విప్పదీసి బైసెక్షువల్, ట్రాన్స్, ఇంటర్‌సెక్స్ జీవితాలకు సంబంధించిన మాటలు చేర్చారు, హోమోసారస్ అన్న పేరూ అప్పటిదే. తర్వాత డిజిటల్ ట్రాన్స్‌జెండర్ ఆర్కైవ్ వాళ్లు చేయి కలిపి ఆన్‌లైన్‌లో పెట్టారు. 2016 నుంచి సంపాదక మండలి చూసుకుంటోంది. 2019లో రెండో వెర్షన్, 2021లో మూడోది. ఏడాదికి రెండుసార్లు కొత్త మాటలు చేరుస్తారు, పాతవి దిద్దుతారు, ఏం మార్చారో రాసి పెడతారు. నేను వాడింది మూడో వెర్షన్.

వాడకం తేలిక. మాట కొడితే దాని పేజీ వస్తుంది. పైన దానికంటే విస్తృతమైన మాట, కింద ఇంకా సన్ననివి, పక్కన చుట్టరికం ఉన్నవి. ఫలానా మాటకి బదులు దీన్ని వాడండి అని పాత మాటలూ ఉంటాయి. మా లైబ్రరీలో కొత్తగా చేరిన కుర్రాడికి చూపిస్తే, “అక్కా, ఇది వంశవృక్షంలా ఉందే” అన్నాడు. నిజమే, కాకపోతే ఇందులో మేనరికాలు ఎక్కువ.

నాకు బాగా నచ్చింది దాని సన్నని జల్లెడ. మామూలు శీర్షికల్లో ఒక పుస్తకం ట్రాన్స్ వ్యక్తుల గురించి అనే దాకా చెప్పగలం, అక్కడితో ఆగుతాం. ఇందులో డెడ్‌నేమింగ్ అనే మాట విడిగా ఉంది, అంటే వదిలేసిన పాత పేరుతో మనిషిని పిలవడం. పుట్టిన కుటుంబం కాకుండా తాము ఎంచుకున్న కుటుంబానికి విడిగా మాట ఉంది. ఇవి పెట్టాక మా 41 పుస్తకాలు ఒక్క కుప్పగా కాక, వేర్వేరు మనుషుల్లా కనిపించాయి. ఒకటి ముసలితనంలో ఒంటరిగా ఉన్న గే మగవాళ్ల గురించి. ఒకటి తల్లులు రాసింది. మరొకటి పూర్తిగా చట్టం. ఇన్నాళ్లూ అన్నిటికీ ఒకే చీటీ అంటించాం.

సాంకేతికంగా ఒక మంచి పని చేశారు, పైకి కనపడదు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. రెండో వెర్షన్ వరకు ప్రతి మాటకీ ఇంటర్నెట్ చిరునామాలో ఆ మాటే ఉండేది. మూడో వెర్షన్‌లో మాట తీసేసి అంకెలు పెట్టారు. రికార్డులో నేను కలిపేది ఆ అంకెల చిరునామాతో. రేపు ఆ మాట పాతబడి, మర్యాద తప్పి, వాళ్లు వేరే మాట పెట్టుకున్నా చిరునామా మారదు, నా రికార్డు తెగదు. మనుషులు పేర్లు మార్చుకుంటారని ఒప్పుకున్న వ్యవస్థ మాటలకీ ఆ హక్కు ఇచ్చినట్టుంది. మార్పు జరిగిన సమయంలో పాత చిరునామాలు పెట్టుకున్నవాళ్లకి చాకిరీ అయి ఉంటుంది, నేను ఆలస్యంగా రావడం కలిసొచ్చింది.

ఎక్కించడం గురించి కేటలాగర్ల కోసం రెండు ముక్కలు, మిగతావాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. 650 ఫీల్డులో రెండో సూచిక 7 పెట్టి, సబ్‌ఫీల్డ్ 2లో హోమోసారస్ కోడ్ రాయాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శీర్షికను తీసేయకండి, రెండూ పక్కపక్కన ఉండాలి. హోమోసారస్ వాళ్లు కూడా దీన్ని ఒంటరిగా వాడమనరు, పెద్ద పదకోశానికి తోడుగా వాడమంటారు. వంట, చట్టం, చరిత్ర లాంటి మాటలు ఇందులో వెతికితే దొరకవు. మొత్తం దింపుకోవడానికి ఫైళ్లు ఇస్తారు గానీ, నేను ఒక్కోమాట చేత్తోనే ఎక్కించాను. 41 పుస్తకాలే కదా, ప్రతిదాన్నీ తెరిచి చూడాలనుకున్నాను. తర్వాత ఇంకో 19 దొరికాయి, అది చివర్లో చెప్తాను.

మూడో నెలలో అసలు చిక్కు వచ్చింది. ఒక ఆత్మకథ. రచయిత పేరున్నవాడే, పోయి చాలా ఏళ్లయింది. పుస్తకమంతా ఒక స్నేహితుడి గురించి ఉంటుంది. ఒకే గదిలో ఇరవై ఏళ్లు, ఉత్తరాలు, అలకలు, అతను పోయాక ఈయన తెల్లబట్టలు కట్టుకోవడం. ‘ప్రేమ’ అన్న మాట మాత్రం ఎక్కడా వాడలేదు. మా కుర్రాడు “గే మగవాళ్లు అని పెట్టేద్దాం అక్కా, ఇంత స్పష్టంగా ఉంటే” అన్నాడు. నా చెయ్యి కీబోర్డు మీదే ఆగింది. ఆయన తనను తాను అలా అనుకున్నాడా? అనుకునే మాట ఆ కాలానికి ఆయనకి అందుబాటులో ఉందా? అలాగని ఏమీ పెట్టకపోతే, ఆ పుస్తకం ఎవరికి కావాలో వాళ్లకి ఎప్పటికీ చేరదు. రెండు రోజులు ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది.

హోమోసారస్ ఈ చోట సాయం చేయదు. మాటలిస్తుంది, ఎప్పుడు వాడాలో చెప్పదు. దానికోసం వేరేచోటికి వెళ్లాలి: 2022లో ట్రాన్స్ మెటాడేటా (అంటే రికార్డులో రాసే వివరాలు) కలెక్టివ్, 2024లో క్వీర్ మెటాడేటా కలెక్టివ్ విడుదల చేసిన మార్గదర్శకాలు. రెండూ ఉచితమే. నేను వాటి నుంచి నేర్చుకున్నది ఇది: పుస్తకం దేని గురించో చెప్పడం వేరు, మనిషి ఎవరో ప్రకటించడం వేరు. ఆ ఆత్మకథకు చివరికి మగవాళ్ల మధ్య ఆత్మీయత అనే అర్థం వచ్చే శీర్షికలు పెట్టాను, రచయిత మీద ముద్ర వేయలేదు. సారాంశం గడిలో రెండు వాక్యాలు నేనే రాశాను, ఆ స్నేహితుడి ప్రస్తావనతో. వెతికేవాళ్లకి వాసన తగులుతుంది. ఇది సరైన నిర్ణయమని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. కుర్రాడు ఇప్పటికీ ఒప్పుకోడు.

ఈ తేడా బరువెంతో నాకు తెలిసింది మాత్రం మార్గదర్శకాల వల్ల కాదు, ఒక ఫోన్ కాల్ వల్ల. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక అనువాదకురాలు ఫోన్ చేసి, “మేడమ్, మీ కేటలాగ్‌లో నా పుస్తకం కింద బ్రాకెట్లో ఇంకో పేరు కనిపిస్తోంది. అది తీసేయగలరా?” అన్నారు. చాలా మర్యాదగా అడిగారు. పాత పేరుతో వచ్చిన ఒక పుస్తకం మా దగ్గర ఉంది, రెండూ ఒకరివే అని కలపడం మంచి పని అనుకుని నేనే చేశాను. మా పాఠ్యపుస్తకం ప్రకారం అది మంచి పనే. “నియమం ప్రకారం రెండు పేర్లూ చూపించాలండీ” అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, “నియమం మీకు మేడమ్. ఆ పేరు చూసి మా వీధిలో దాంతో పిలిచేది నన్ను” అన్నారు.

ఆ రోజు తీయలేదు. పై అధికారిని అడిగితే, ‘అలా అందరూ అడిగితే ఎలా’ అన్నారు. నేనూ ఊరుకున్నాను. ఆ పేరు తీయడానికి ఏడాది పట్టింది. ఆవిడ మళ్లీ ఫోన్ చేయలేదు, చేయాల్సిన అవసరం రాకుండా చేసుంటే బాగుండేది.

ఈ విషయంలో వృత్తి మొత్తం తడబడింది, నేనొక్కదాన్నే కాదు. 2010లో వచ్చిన ఆర్‌డీఏ అనే కేటలాగింగ్ నియమావళి, రచయితల పేర్ల రికార్డులో వాళ్ల లింగం కూడా రాయవచ్చంది. మగ, ఆడ, తెలియదు: ఇచ్చిన ఎంపికలు అంతే. నేను శ్రద్ధగా నింపాను, కొన్ని వందల రికార్డులకి, పేరు చూసి ఊహించి. 2014లో అంబర్ బిల్లీ, ఎమిలీ డ్రబిన్‌స్కీ, కె.ఆర్. రొబెర్టో అనే ముగ్గురు కేటలాగ్ పరిశోధకులు ఇదంతా ఎందుకు అని గట్టిగా అడిగారు. సహకార కేటలాగింగ్ సంఘం 2016లో కొంత సర్దుబాటు చేసి, 2022లో ఇక ఆ గడి నింపొద్దని సిఫారసు చేసింది. పన్నెండేళ్లు. వెనక్కి వెళ్లి ఆ గడులన్నీ ఖాళీ చేస్తున్నాను, ఇంకా అయిపోలేదు. పేర్ల సంగతిలో న్యూయార్క్‌లో 1974 నుంచి నడుస్తున్న లెస్బియన్ హెర్‌స్టోరీ ఆర్కైవ్స్ వాళ్లు ఒక గమ్మత్తు చేశారు: ఇంటిపేరు తండ్రిదో భర్తదో కాబట్టి, పుస్తకాలను రచయిత సొంత పేరు వరసలో సర్దుకున్నారు. కేటలాగర్‌గా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మనిషిగా నచ్చింది.

ఇక ఫిర్యాదులు. పెద్దది భాష.

హోమోసారస్‌లో తెలుగు లేదు. ఉండాలని వాళ్లని నిలదీయడం న్యాయం కాదు, ఆ పని మనదే. కానీ మన పాఠకుడు తెలుగులో కొడతాడు. నా చిట్టాలోని ఐదింటికి ఐదూ తెలుగు లిపిలోవే. దీన్ని తర్జుమా చేసేద్దామంటే లైసెన్సు అడ్డం: పేరు చెప్పి వాడుకోవచ్చు, అమ్మకూడదు, మార్చి ప్రచురించకూడదు. తర్జుమా కూడా మార్పు కిందికే వస్తుంది కాబట్టి అనుమతి కావాలి. ఎవరో ఒకరు అడగకపోతే అది జరగదు, ఆ ఎవరో నేను ఇంతవరకూ కాలేదు.

అడిగి అనుమతి తెచ్చుకున్నా ఏ మాట పెట్టాలి? ఇక్కడే నా ఎనిమిది నెలల్లో సగం పోయింది. ‘స్వలింగ సంపర్కులు’ అని పేపర్లు రాస్తాయి. మనిషినంతా తీసుకొచ్చి ఒక్క సంపర్కంలో కూరేసిన మాట. ఆడామగా జంట పెళ్లిని ఎవరూ ‘భిన్నలింగ సంపర్కుల వివాహం’ అని రాయరు కదా. ‘స్వలింగ ప్రేమికులు’ నయం, అయినా ప్రేమలో లేనివాళ్లు ఏమైపోవాలి? ‘లింగమార్పిడి వ్యక్తులు’ అంటే ఆపరేషన్ బల్ల గుర్తొస్తుంది, ట్రాన్స్ అన్న మాటకి ఆ షరతు లేదు. హిజ్రా అన్నది ఒక సమూహం తనకు పెట్టుకున్న పేరు, దాన్ని ట్రాన్స్‌కి పర్యాయపదంగా తగిలించడం ఇద్దరికీ అన్యాయమే. క్వీర్ అన్నదాన్ని క్వీర్ అనే రాస్తున్నారు, అదే రాశాను. ‘గే’, ‘లెస్బియన్’, ‘ట్రాన్స్ వ్యక్తులు’ కూడా అంతే. తెలుగు మాట కాదని పెద్దలు ఒకరిద్దరు గొణిగారు. ‘బస్సు’ తెలుగైనప్పుడు లేని బాధ ఇప్పుడెందుకో.

ఇంకో ఇరకాటం. తిట్టుగా విసిరే మాటతో వెతికేవాళ్లూ ఉన్నారు, చిట్టాలో చూశాను. వాళ్లలో కొందరు వెక్కిరించేవాళ్లు, కొందరికి తమను గురించి తెలిసిన మాట అదొక్కటే. ఆ మాటని శీర్షికగా పెట్టడం కుదరదు. పెట్టకపోతే ఆ రెండో రకం వాళ్లకి సున్నా వస్తుంది. చివరికి తెరమీద కనిపించకుండా, వెతికితే మాత్రం సరైన శీర్షికకి తీసుకెళ్లేలా లోపల కట్టాం. మా సాఫ్ట్‌వేర్ ఆ మాటని ‘ఇలా వెతికారు’ అంటూ పైన పెద్ద అక్షరాలతో చూపించి మా పరువు తీసింది, దాన్ని ఆపించడానికి పది రోజులు. మిగతా వాడుక మాటలను 653లో, అంటే నియంత్రణ లేని మాటల గడిలో, తెలుగులో వేశాను. అబ్బాయి అబ్బాయి ప్రేమ అని కూడా వేశాను. పద్ధతి ప్రకారం చూస్తే రోత పని. పనిచేస్తోంది.

రెండో ఫిర్యాదు హోమోసారస్ మీద కాదు, దాన్ని చూసి ఉత్సాహపడే నా బోటి వాళ్ల మీద. శీర్షికలు బాగుపడ్డాయి కదా అని పుస్తకాల వీపు మీద ఇంద్రధనుస్సు చీటీలు అంటించాను. చాలా లైబ్రరీలు చేస్తాయి. చూడముచ్చటగా ఉంది. నెల తిరిగేసరికి ఆ పుస్తకాలు ఎవరూ ఇంటికి పట్టుకెళ్లడం లేదు, మూలన ఉన్న బల్ల దగ్గర చదివి అక్కడే వదిలేసి పోతున్నారు. చీటీ దూరం నుంచి నాకు కనిపించినట్టే, వాళ్ల ఇంట్లోవాళ్లకీ కనిపిస్తుంది. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి ఒక్కొక్కటీ పీకాను. దొరకడానికి కావాల్సిన గుర్తు కేటలాగ్ తెరమీద ఉండాలి, సంచిలోంచి తొంగిచూడకూడదు. ఆ ఊపులోనే గడువు తేదీ రసీదు మీద పుస్తకం పేరు రాకుండా, నంబరు మాత్రమే వచ్చేలా మార్పించాం. తిరిగిచ్చిన పుస్తకాల చరిత్ర పాఠకుల ఖాతాలో నిలవకుండా ఆపించాం. ఇవన్నీ హోమోసారస్ చేయమన్నవి కావు. అయినా ఇవి చేయకుండా కేవలం శీర్షికలు దిద్దుకుంటే సగం పనే.

చిన్న గొణుగుళ్లు: కొన్ని మాటలు అమెరికా విశ్వవిద్యాలయాల గదుల్లో తప్ప ఎక్కడా వినపడవు. రెండు దగ్గరి మాటల మధ్య తేడా వివరించే గమనిక అన్ని పేజీల్లో ఉండదు, ఊహించాలి. ఏడాదికి రెండు మార్పులు మంచివే గానీ, ఒక్క మనిషి నడిపే విభాగానికి వెంటపడడం కష్టం.

చుక్కలు ఇవ్వాలి కాబట్టి ఐదుకి నాలుగు. ఆర్కైవ్ ఉన్నవాళ్లకి, ముఖ్యంగా ఉత్తరాలు ఫొటోలు సర్దుకునేవాళ్లకి, ఐదు. తెలుగు పుస్తకాలే ఎక్కువున్న చోట, పక్కన సొంత మాటల జాబితా కట్టుకునే ఓపిక లేకపోతే మూడు.

చిట్టాలో ఆ ఐదు మాటలకీ ఇప్పుడు ఫలితాలు వస్తున్నాయి. ‘నేను నార్మలేనా’కి ఏం చూపించాలో చాలా రోజులు తేలలేదు. అది విషయం కాదు, ప్రశ్న. దాన్ని కూడా 653లో పెట్టాను, ఏడు పుస్తకాలకి. ఆ ఏడూ నేను చదివినవే.

ఆ 19 సంగతి. పోయిన నెల తిరిగొచ్చిన ఒక కథల పుస్తకంలో, చివరి పేజీల మధ్య, నోట్‌బుక్ నుంచి చింపిన కాగితం ఉంది. పేరు లేదు. గుండ్రటి చేతిరాత. “ఇలాంటివే ఇంకా ఉన్నాయి, మీరు చూసినట్టు లేరు. 616 కింది అరలో ఎడమవైపు, నవలల్లో ‘స’ దగ్గర, చట్టం బీరువా వెనక వరసలో.” కింద యాక్సెషన్ నంబర్లు, అంటే లైబ్రరీ ఒక్కో ప్రతికీ వేసే సంఖ్యలు, వరసగా, తప్పు లేకుండా పంతొమ్మిది. అన్నీ వెళ్లి తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. ఈ రోజుకి పదకొండు ఎక్కించాను.